విప్పి బిగించిన చదువు: జి.డి. నాయుడుగారి జీవితం

మా నాన్న బస్సు డిపోలో మెకానిక్కు. ముప్పై ఏళ్ళు గ్రీజులో చేతులు పెట్టి మమ్మల్ని చదివించాడు. చిన్నప్పుడు నేను సరదాకి స్పానరు పట్టుకున్నా లాగేసుకునేవాడు. ఈ పని నాతోనే ఆఖరు, నువ్వు పుస్తకం పట్టుకో అనేవాడు. పుస్తకమే పట్టుకున్నాను. ఆ పుస్తకమే నన్ను ఈ కాలేజీలో మెకానికల్ ఇంజనీరింగు దాకా తీసుకొచ్చింది. ఇప్పుడు సావనీరులో ఒక మహనీయుడి జీవితం గురించి రాయబోతూ ముందుగా నా సిగ్గుపాటు చెప్పుకోవడం ఎందుకంటే, ఆ సిగ్గుపాటు లేకపోతే ఆయన జీవితం నాకు అర్థమయ్యేది కాదు.

మూడో సంవత్సరం పరీక్షలయిన మర్నాడు స్నేహితుడి పాత మోటారుసైకిలు మీద ఊరు దాటి బయల్దేరాం. పది కిలోమీటర్లు పోయాక బండి ఆగిపోయింది. కిక్కు కొట్టి కొట్టి ఇద్దరికీ కాళ్ళు పీకాయి. కాసేపు ఆగితే స్టార్టవుతుంది, ఫర్లాంగు పోగానే మళ్ళీ చచ్చిపోతుంది. నాలుగు స్ట్రోకుల ఇంజను ఎలా పనిచేస్తుందో బొమ్మగీసి భాగాలు గుర్తించమంటే నూటికి తొంభై మార్కులు తెచ్చుకున్నవాణ్ణి. ప్లగ్గు విప్పి చూశాను, నిప్పురవ్వ వస్తోంది. ఆ తర్వాత ఏం చెయ్యాలో తోచలేదు. చివరికి బండి తోసుకుంటూ రోడ్డు పక్కనున్న షెడ్డుకి చేరాం. అక్కడ ఓ కుర్రాడు, పద్దెనిమిదేళ్ళుంటాయేమో, ఏడో తరగతితో బడి మానేశాట్ట. మేం చెప్పింది విని ఒక్క పనిముట్టూ ముట్టుకోకుండా పెట్రోలు ట్యాంకు మూత తిప్పాడు. లోపల్నించి స్స్ మని చప్పుడయింది. మూతకున్న సన్నటి బెజ్జంలో పిన్నీసు దూర్చి దుమ్ము తీశాడు. మూత బిగించి ఒక్క కిక్కు కొట్టాడు. అంతే!

ఎందుకలా అయిందని అడిగితే, గాలి పట్టేసింది సార్, మా మేస్త్రి ఇలాగే చేస్తాడు అన్నాడు. అప్పుడు నా చదువు నిద్రలేచింది. పెట్రోలు కిందికి దిగేకొద్దీ ఆ ఖాళీలోకి పైనుంచి గాలి రావాలనీ, బెజ్జం మూసుకుపోతే లోపల పీడనం తగ్గి పెట్రోలు దిగడం మానేస్తుందనీ, కాసేపు ఆగితే ఎక్కడో సందులోంచి కొంచెం గాలి చేరి మళ్ళీ దిగుతుందనీ చెప్పాను. కుర్రాడు శ్రద్ధగా విని, అయితే నూనె డబ్బాకి రెండో చిల్లు పెడితేనే నూనె ధారగా పడుతుందే, అదీ ఇదీ ఒకటేనా అన్నా అని అడిగాడు. నేను అవాక్కయ్యాను. వాడికి చెయ్యి తెలుసు, ఎందుకో తెలీదు. నాకు ఎందుకో తెలుసు, చెయ్యి తెలీదు. ఇద్దరం కలిస్తే ఒక పూర్తి మెకానిక్కు!

ఆ తర్వాత కొన్నాళ్ళకి ఫాక్టరీలు చూడటానికి మా క్లాసు కోయంబత్తూరు వెళ్ళింది. అక్కడ అవినాశి రోడ్డులో సిటీ బస్సులో పోతుంటే కండక్టరు ఒకచోట హోప్స్, హోప్స్ అని కేకేశాడు. దిగి చూస్తే ఆ పేరుకి తగ్గ కాలేజీ ఏదీ కనపళ్ళేదు. ఇక్కడ ఒకప్పుడు ఆర్థర్ హోప్ కాలేజీ ఉండేదనీ, కాలేజీ తడాగం రోడ్డుకి తరలిపోయినా స్టాపు పేరు మాత్రం మిగిలిందనీ పక్కనున్న పెద్దాయన చెప్పాడు. ఆ కాలేజీ వెనక ఉన్న మనిషి జి.డి. నాయుడు. ఆ పేరు పట్టుకుని నేను చదివిందీ విన్నదీ మీతో పంచుకోవాలని ఈ ప్రయత్నం.

గోపాలస్వామి దొరైస్వామి నాయుడు 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే పల్లెలో పుట్టారు. తండ్రి గోపాలస్వామి నాయుడు రైతు. విజయనగర, నాయక రాజుల కాలంలో దక్షిణానికి వలసపోయిన తెలుగు కుటుంబాల సంతతి వాళ్ళు. ఊళ్ళో తమిళం, ఇంట్లో తెలుగు. కాబట్టి మిత్రులారా, పొరుగు రాష్ట్రపు మనిషని దూరం పెట్టనక్కర్లేదు, ఆయన మనవాడే. బడి చదువు మాత్రం ఆయనకి అంటలేదు. ప్రాథమిక తరగతులతోనే ఆగిపోయింది. తండ్రితో పాటు పొలం పనిలో పడ్డారు.

కుర్రతనంలో ఒకనాడు ఆ పల్లెదారిన ఒక వింత బండి వచ్చింది. లంకాషైర్ అనే ఆంగ్లేయ రెవెన్యూ అధికారి నడుపుకొచ్చిన రడ్జ్ మోటారుసైకిలు. ఎద్దూ గుర్రమూ లేకుండా పరుగెత్తే బండి! చూసినవాళ్ళంతా నోళ్ళు తెరిచి, కాసేపు చెప్పుకుని, మర్చిపోయి ఉంటారు. నాయుడుగారు మర్చిపోలేదు. ఎలాగైనా ఆ బండి కొనాలనుకున్నారు. చేతిలో డబ్బు లేదు. ఇల్లు వదిలి కోయంబత్తూరు పోయి ఒక హోటల్లో సర్వరుగా చేరారు. మూడేళ్ళు ఎంగిలాకులు తీసి, కాఫీలందించి, కాణీ కాణీ కూడబెట్టి 300 రూపాయలు చేశారు. ఆ డబ్బు పట్టుకెళ్ళి ఆ దొర దగ్గర ఆ బండి కొన్నారు.

ఇక్కడే నాకు ఆశ్చర్యం. మూడేళ్ళ కష్టం పెట్టి కొన్న బండిని ఎవరైనా ఏం చేస్తారు? ఎక్కి ఊరంతా తిరుగుతారు. ఆయన దాన్ని ముక్కముక్కలుగా విప్పేశారు! విప్పి, చూసి, మళ్ళీ బిగించారు. నేర్పే గురువు లేడు, అర్థమయ్యే భాషలో పుస్తకం లేదు. ఆ బండే గురువు, ఆ బండే పుస్తకం.

విప్పడం అంటే పాడుచెయ్యడం కాదని, అదొక చదువని ఇప్పుడు నాకు తెలుస్తోంది. ఏది ముందు ఊడిందో గుర్తుంచుకుంటే గాని తిరిగి బిగించలేం. అందుకే మంచి మేస్త్రి తన దగ్గర చేరిన కుర్రాడికి మొదట నేర్పేది స్పానరు పట్టడం కాదు, గుడ్డ పరిచి ఊడిన సామాన్లు ఊడిన వరసలో పేర్చడం. ఇది మొదటి పాఠం. రెండోది, అరిగిన చోటు కథ చెబుతుంది. పిస్టను ఒకవైపే గీతలు పడిందంటే కారణం వెతకాలి. ప్లగ్గు నల్లగా మసి పట్టిందంటే పెట్రోలు ఎక్కువవుతోందని, తెల్లబారిందంటే ఇంజను మితిమీరి వేడెక్కుతోందని అనుమానించాలి. మూడోది అన్నిటికన్నా కఠినమైంది. అంతా బిగించేశాక నేలమీద ఒక నట్టు మిగిలిపోతే, దాన్ని జేబులో వేసుకోకుండా మళ్ళీ మొదట్నించీ విప్పగల నిజాయితీ ఉండాలి. ఈ మూడూ పరీక్ష కాగితం మీద నేర్పడానికి వీల్లేనివి.

మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఆయన తిరుప్పూరులో పత్తి జిన్నింగులో దిగి బాగా గడించారనీ, అదంతా బొంబాయి పత్తి వ్యాపారంలో పోగొట్టుకున్నారనీ చెబుతారు. మళ్ళీ ఖాళీ చేతులు. అప్పుడు ఆదుకున్నది తను స్వయంగా నేర్చుకున్న యంత్రవిద్యే. కోయంబత్తూరులో ఆంగ్ల వర్తకుడైన స్టేన్స్ ఆదరణతో 1920లో ఒక బస్సు సంపాదించి పొల్లాచ్చి, పళని మధ్య నడిపారు. యజమానీ ఆయనే, డ్రైవరూ ఆయనే, మెకానిక్కూ ఆయనే. ఆ ఒక్క బస్సే పెరిగి పెరిగి యూనివర్సల్ మోటార్ సర్వీస్ అయింది. యు.ఎం.ఎస్. బస్సులంటే వేళకి వస్తాయని, దారిలో ఆగవని దక్షిణ దేశమంతా పేరు.

బస్సు దారిలో ఆగకుండా ఉండటం మామూలు విషయం కాదండీ. మా నాన్న డిపోలో పనిచేశాడు గనక నాకు కొంచెం తెలుసు. పాడయ్యాక బాగుచెయ్యడం ఒక విద్య, పాడు కాకముందే కనిపెట్టడం ఇంకో విద్య. ఆ కాలంలో బస్సు ఛాసిస్ మొదలుకుని విడిభాగాల దాకా సముద్రం దాటి రావాలి. ఓడ వచ్చేదాకా బస్సు షెడ్డులో నిలబెడితే కంపెనీ మూతపడుతుంది. కాబట్టి బస్సు కంపెనీ అంటే వర్క్‌షాపు, వర్క్‌షాపు అంటే విడిభాగం విరిగితే దాన్ని చూసి అలాంటిది తయారుచేసుకోగల మనుషులు. అలాంటి మనుషులు ఏ బళ్ళోనూ దొరకరు, పనిలో పెట్టుకుని తీర్చిదిద్దుకోవాలి. నాయుడుగారి ఆలోచన అంతా ఇక్కడే పుట్టిందని నా నమ్మకం. రిపేరు షెడ్డే ఆయన దృష్టిలో అసలైన బడి.

రిపేరు నుంచి తయారీకి ఎంతో దూరం లేదని కూడా ఆయన నిరూపించారు. 1937లో డి. బాలసుందరం నాయుడుతో కలిసి మన దేశంలోనే తయారైన మొదటి ఎలక్ట్రిక్ మోటారుని బయటికి తెచ్చారు. ఈనాడు పంపులకీ మోటార్లకీ కోయంబత్తూరు పెట్టింది పేరయిందంటే ఆ మొదటి అడుగుని తల్చుకోకుండా ఉండలేం. డ్రై బ్యాటరీతో నడిచే రసంత్ గడ్డం గీసుకునే మిషను, బహు పల్చటి బ్లేడు, పండ్లరసం తీసే యంత్రం, కిరసనాయిలుతో తిరిగే ఫాను, మోసం చెయ్యడానికి వీల్లేని ఓటింగు యంత్రం, ఇలా ఆయన బుర్రలోంచి వచ్చినవి ఒకటా రెండా! యూరప్ అంతా తిరిగారు. 1936లో లండనులో ఐదవ జార్జి చక్రవర్తి అంత్యక్రియల ఊరేగింపుని తన కెమెరాతో తనే ఫిలిం తీశారు. అదే ఏడు ఎన్నికల్లో నిలబడి ఓడిపోయారు కూడా. ఓటమిని కూడా విప్పి చూసుకునే స్వభావం గనక అక్కడే ఆగిపోలేదు. పత్తి, బొప్పాయి పంటల మీద ప్రయోగాలు చేశారు. సర్ సి.వి. రామన్ అంతటివాడు ఆయన్ని మెచ్చుకున్నాడు. జనం ఆయన్ని భారతీయ ఎడిసన్ అన్నారు.

ఇక అసలు సంగతికి వస్తాను. 1944లో మోటారు వ్యాపారం నుంచి తప్పుకుని విద్య మీదా, కార్మికుల బాగు మీదా దృష్టి పెట్టారు. ఆయన విరాళంతో ఆర్థర్ హోప్ పాలిటెక్నిక్, 1945లో ఆర్థర్ హోప్ ఇంజనీరింగు కాలేజీ వెలిశాయి. అప్పటి మద్రాసు గవర్నరు పేరు పెట్టారు. మూడో నాలుగో తరగతులతో బడి వదిలిన మనిషి ఇంజనీరింగు కాలేజీకి ప్రిన్సిపాల్ అయ్యారు! మన దేశంలో ఇలాంటిది ఇంకోటి జరిగిందని నేను వినలేదు.

ఆ కుర్చీలో కూర్చున్న మనిషి ఊరుకోలేదు. ఇంజనీరింగు కోర్సు నాలుగేళ్ళు సాగదియ్యడం కుర్రాళ్ళ వయసుని వృథా చెయ్యడమేననీ, పని చేయిస్తూ నేర్పితే రెండేళ్ళు చాలుననీ ఆయన వాదం. ఆనాటి ప్రభుత్వం ఒప్పుకోలేదు. రాజీ పడటం ఆయన నైజం కాదు, పదవి వదిలేశారు. తన డబ్బుతో లేచిన సంస్థలోంచి తనే నడిచి వెళ్ళిపోయారు. ఆ కాలేజీయే ప్రభుత్వం చేతిలో తరవాత గవర్నమెంట్ కాలేజ్ ఆఫ్ టెక్నాలజీ అయింది.

ఎవరిది న్యాయం? ఈ ప్రశ్న నన్ను చాలా రోజులు తొలిచింది. భక్తి కొద్దీ అంతా నాయుడుగారిదే ఒప్పని రాసెయ్యొచ్చు. కాని నిజం చెప్పాలంటే, వంతెన కట్టేవాడికీ, బాయిలరు డిజైను చేసేవాడికీ లెక్కలూ భౌతికశాస్త్రమూ నిదానంగా ఒంటబట్టాలి. వంతెనని విప్పి చూసి నేర్చుకోలేం కదా! అక్కడ ప్రభుత్వానిదే మెలకువ అనుకుంటాను. అయితే నాయుడుగారు అడిగిన అసలు ప్రశ్న సంవత్సరాల సంఖ్య కాదు. ఎన్నేళ్ళు కూర్చున్నారని కాక, ఏం చెయ్యగలరని ఎందుకు చూడరు అన్నది. ఆ ప్రశ్నకి ఇప్పటికీ మన దగ్గర జవాబు లేదు. బండి తోసుకుంటూ షెడ్డుకి పోయిన నేనే అందుకు సాక్ష్యం.

స్వాతంత్ర్యం వచ్చాక 1950లో కేంద్రం కార్మికశిక్షణ పథకం పెట్టింది, ఐ.టి.ఐ.లు వచ్చాయి. 1961లో అప్రెంటిసుల చట్టం వచ్చింది. మోటారు మెకానిక్కు ట్రేడు రెండేళ్ళు. నాయుడుగారు అడిగిందీ రెండేళ్ళే! ఇంజనీరుకి కాకపోయినా మెకానిక్కుకి ఆ లెక్క దక్కింది. కాని బడి ఒకచోట, షెడ్డు ఒకచోట అన్న గోడ మాత్రం పూర్తిగా కూలలేదు. షెడ్డులో కుర్రాడికి ఎందుకో చెప్పేవాడు లేడు. కాలేజీ కుర్రాడికి చెయ్యి పట్టి చేయించేవాడు లేడు.

ఇప్పుడు బండ్లు కంప్యూటర్లతో నడుస్తున్నాయి, విప్పి చూసే కాలం పోయిందని కొందరు మిత్రులు వాదిస్తారు. 2020 ఏప్రిల్ నుంచి బి.ఎస్.-6 నిబంధనలు వచ్చాక మోటారుసైకిళ్ళలో కూడా కార్బురేటరు పోయి ఇంజెక్షను వచ్చిన మాట నిజమే. స్కానరు తగిలిస్తే తప్పు ఎక్కడుందో నంబరు చూపిస్తుంది. కాని ఆ నంబరు చూపించేది తేడా కనిపించిన చోటు, తేడాకి కారణం కాదు. ఆక్సిజన్ సెన్సారు తప్పు చూపిస్తోందని సెన్సారు మార్చేస్తే వెయ్యికి పైగా ఖర్చు. తీరా చూస్తే సైలెన్సరు పైపు అతుకులో సందు పడి బయటి గాలి దూరుతుంటుంది. ఆ సందుని పట్టేది చెవీ చెయ్యీ. గాలి దూరితే సెన్సారు ఎందుకు మోసపోతుందో చెప్పేది చదువు. కొత్త బండికి రెండూ మరింత అవసరం. నాయుడుగారి పద్ధతికి కాలదోషం పట్టలేదనే నేనంటాను.

చివరి రోజుల దాకా ఆయన ప్రయోగాలు ఆగలేదు. 1952లో రెండు వేల రూపాయలకే ఇద్దరు కూర్చునే చిన్న కారు తయారుచేసి చూపించారు. తయారీకి లైసెన్సు దొరకలేదు, కారు రోడ్డెక్కలేదు. 1974 జనవరి 4న, 80 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. కుమారుడు జి.డి. గోపాల్ కాలంలో 2015లో కోయంబత్తూరులో పాత కార్ల మ్యూజియం తెరిచారు. 2025 అక్టోబరులో అవినాశి రోడ్డు మీద తెరిచిన పది కిలోమీటర్ల పై వంతెనకి జి.డి. నాయుడు పేరు పెట్టారు. వంతెన కింద బస్సు కండక్టర్లు మాత్రం ఆయన వదిలి వెళ్ళిన కాలేజీ పేరే ఇంకా పిలుస్తున్నారు.

ఆయన గొప్పవాడు గనక బడి లేకపోయినా పైకొచ్చాడు, అందరూ అలా రావాలి అంటే అది అన్యాయం. ఆయనకి వెనక పొలం ఉంది, పడ్డాక మళ్ళీ లేవడానికి ఒక ఆదరణ దొరికింది. రోడ్డు పక్క షెడ్డులో నా కుర్రాడికి ఆ రెండూ లేవు. ఆ సంగతి ఎరిగినవాడు గనకనే కాబోలు, నాయుడుగారు తనలా కష్టపడండని ఉపన్యాసాలిచ్చి ఊరుకోకుండా సొంత డబ్బు పెట్టి బడి కట్టారు.

మన వర్క్‌షాపు వెనక వరండాలో పాత డీజిల్ ఇంజనొకటి ఏళ్ళ తరబడి దుమ్ము కొట్టుకుపోయి ఉంది. మీరంతా చూసే ఉంటారు. దాని మీద సైకిళ్ళు ఆనిస్తున్నాం. అధ్యాపకులకీ, విద్యార్థి సంఘానికీ నా విన్నపం ఒక్కటే. శనివారం మధ్యాహ్నాలు ఆ ఇంజనుని మాకు వదలండి. ఊళ్ళో మేస్త్రీలని గౌరవంగా పిలిచి, వాళ్ళకి కుర్చీ వేసి, వాళ్ళ చేత మాకు విప్పడం నేర్పించండి. వాళ్ళ దగ్గర పనిచేసే కుర్రాళ్ళు వస్తే ఎందుకో మేం చెబుతాం. పూర్వ విద్యార్థులు ఒక పనిముట్ల పెట్టె ఇప్పిస్తే అంతకన్నా ఏమీ అక్కర్లేదు.

మొన్న సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు నాన్నని అడిగాను, వాల్వు సందు సరిచెయ్యడం నేర్పమని. రిటైరయి రెండేళ్ళయింది. కాసేపు నా మొహంలోకి చూశాడు. ఏమీ అనకుండా లోపలికెళ్ళి గుడ్డలో చుట్టిన ఫీలరు గేజి తెచ్చాడు. రేకు సందులో పెట్టి లాగితే కాగితం లాగినట్టు కొంచెం పట్టుకుని రావాలి, మరీ జారకూడదు, మరీ బిగుసుకోకూడదు అంటూ నా చెయ్యి పట్టుకుని లాగించాడు. మొదటిసారి రాలేదు. ఏడోసారికి వచ్చింది. ఆ సందు ఎంతుండాలో నాకు పుస్తకంలో తెలుసు, ఎందుకుండాలో కూడా తెలుసు. ఎలా ఉంటుందో ఆ రోజు తెలిసింది.